నూకాలు రేవు

రేవిక్కడుంది రావే పడవా,
రెల్లు పూసిన కాడుంది...

ఆ తర్వాత దీపమో, దారో, ఏదో ఉండేది. నా చిన్నప్పటి పాట. ఎంత తలుచుకున్నా అక్కడికొచ్చి ఆగిపోతుంది.

ఏ ఏట జరిగిందో గోదారికే తెలియాలి. ఒక లంక ఊళ్లో నూకాలు అని ఒక పిల్ల ఉండేది. చిన్నతనంలో అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డాయి. నా అన్నవాళ్లు లేరు. పని దొరికిన రోజే పొయ్యి వెలిగేది.

ముందు పెళ్లివంటల రాఘవులు దగ్గరికి వెళ్లింది.

"నిన్ను చూశాక పెళ్లివారికి ముద్ద దిగుతుందా?" అన్నాడు రాఘవులు.

"పని చేసేది చేతులు గదా బాబూ."

"ఆ చేతులకి పైన ముఖం కూడా ఉంది గదే," అన్నాడు.

తర్వాత మునసబుగారి కోడలు దగ్గరికి వెళ్లింది. చంటిబిడ్డను ఆడించే మనిషి కావాలన్నారు.

"బిడ్డ జడుసుకుంటే?" అందామె, తలుపు సందులోంచి.

"ఎత్తుకునేది చేతులు గదమ్మా."

తలుపు మూసుకుంది.

ఆఖరికి పడవరేవుకు వెళ్లింది. ఒడ్డున తాడు అందుకుని కట్టే మనిషి కోసం సరంగు పోతురాజు చూస్తున్నాడు. పడవ ఆయనదే.

"పొద్దున్నే నువ్వెదురైతే నా పడవ ఎవరెక్కుతారే? శకునం చూసుకోరూ?"

"తాడు కట్టేది చేతులు గదా సరంగుబాబూ."

ఆయన అప్పటికే పడవ తోసేశాడు. నూకాలుకు వెళ్లడానికి ఇంకో చోటు లేదు. రెల్లుపొద పక్కన కూలబడింది.

అంతలో మంచు దిగింది. పాలు ఒలికినట్టు దిగింది. నీళ్లేవో, ఆకాశమేదో తెలియలేదు. అవతలి ఒడ్డు నుంచి నిండు పడవతో తిరిగొస్తున్న పోతురాజుకు చేతిలో గెడ కూడా కనపడలేదు. దిగువన సుడి ఉంది. పడవ అటే జారుతోంది. ఆడవాళ్లు గంగమ్మను తలుచుకుంటున్నారు.

ఆ గొంతులు నూకాలుకు వినిపించాయి. లేచి పాట ఎత్తుకుంది.

రేవిక్కడుంది రావే పడవా...

పోతురాజు పాట వైపు గెడ వేశాడు. పాట దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. పడవ ముక్కు ఇసకలో దిగింది.

"ఎవరమ్మా ఆ పాడింది?" అన్నాడు మంచులోకి.

"పనికోసం కూచున్నదాన్ని."

"ఇచ్చాను తల్లీ. ఈ రేవులో పని నీదే. గంగమ్మ మీద ఆన."

మెల్లగా మంచు విడింది.

"నువ్వటే?"

"నేనే బాబూ. ముఖం అదే."

పడవలో ఎవరో కిసుక్కుమన్నారు. పోతురాజు నవ్వలేదు. తాడు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. మర్నాడు ఆమెను చూసి ఇద్దరు ముగ్గురు వెనక్కి తగ్గితే, "ఈదుకుంటూ పోండి, నీళ్లు చల్లగా బాగుంటాయి," అన్నాడు.

నూకాలు అక్కడే ముసలిదైంది. ఆ రేవుకు ఆమె పేరే పడిపోయింది. ఇప్పటికీ అక్కడ పని అడగడానికి ఎవరొచ్చినా, ఏ సరంగైనా మొదట వాళ్లకు వీపు తిప్పి నిలబడతాడు. మాటంతా విని, పని ఇస్తాడో లేదో చెప్పి, అప్పుడు తిరిగి ముఖం చూస్తాడు. మంచు పడితే పడవలోవాళ్లంతా నోళ్లు మూసుకుని ఒడ్డువైపు చెవులు పెడతారు.

నేను పరికిణీ కట్టే రోజుల్లో నూకాలు మామ్మ మంచం పట్టింది. గంజి తీసుకెళ్లి పక్కన కూచున్నాను.

"ఎవరమ్మా? కళ్లలో మంచు దిగింది. ముఖం ఆనడం లేదు. ఆ పాట పాడు," అంది.

"నాకు సగమే వచ్చు మామ్మా."

"సగం చాలు తల్లీ. ఆపకుండా పాడు. నేను ఒడ్డు చేరుకుంటాను."