భుజం మీద అరచెయ్యి

భుజం నొప్పి అని వచ్చినవాళ్ల ఎక్స్‌రే ఎదురుగా పెడితే, పరాంకుశం గారు ముందుగా తన ఎడమ అరచేతిని పటంలోని భుజం కీలు మీద ఆనించి దాన్ని కప్పేసేవారు. మెడ, పక్కటెముకలు, ఊపిరితిత్తి కొస, పటం మూలలూ అంచులూ తీరుబడిగా చూసుకున్నాకే ఆ చెయ్యి తీసేవారు. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఆస్పత్రిలో ఎక్స్‌రేలూ స్కానింగులూ చదవడం నేర్చుకోవడానికి వచ్చిన డాక్టర్లందరికీ ఆయనే గురువు. పటాలు కంప్యూటరు తెర మీదికి వచ్చేశాక కూడా ఆయన అలవాటు మారలేదు. తెర మీద అరచేతి మరక కనబడితే చాలు, ఇవాళ భుజాల బేరం బాగున్నట్టుందని సిబ్బంది నవ్వుకునేవారు.

ఆయన శిష్యుల్లో శశికిరణ్ చురుకైనవాడు. చురుకైనవాళ్లకు ఉండే తొందర కూడా అతనికి దండిగానే ఉంది. ఒకనాటి ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు. "సార్, నొప్పి భుజంలో ఉందని రోగి చెబుతాడు. పంపిన డాక్టరూ అదే రాస్తాడు. మీరేమో ఆ భుజాన్నే మూసేసి, ఎవరూ అడగనిదంతా చూస్తారు. దీనివల్ల ప్రయోజనం ఏమిటి సార్?"

గురువుగారు తల ఎత్తలేదు. "బయట ఒకావిడ కూర్చుని ఉంది. లోపలికి పిలువు" అన్నారు.

వచ్చినావిడ పేరు అసిరమ్మ. చేపలమ్ముకునే మనిషి. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, పసిబిడ్డను మోసుకొచ్చినట్టు మోసుకుంటూ వచ్చింది. వెనకాలే కొడుకు దానయ్య ఉన్నాడు. నెత్తిమీద తట్ట పెట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి దాన్ని పట్టుకుని ఊళ్లన్నీ తిరిగిన ఆవిడకు కుడిభుజం నొప్పి పుట్టడంలో వింతేముంది? వింత ఉందని ఎవరికీ తోచలేదు, ఆవిడతో సహా. ఎముకల డాక్టరు ఆ భుజానికే మరో ఎక్స్‌రే తీసి చూడమని పంపాడు.

తీసిన పటం తెర మీదికి వచ్చీ రాగానే శశికిరణ్ ముఖం వెలిగింది. కండరం ఎముకను పట్టుకునే చోట తెల్లటి చుక్క ఉంది. "సున్నం పేరుకుంది సార్. స్పష్టంగా కనిపిస్తోంది" అన్నాడు.

అసిరమ్మ ఆ మాట పట్టుకుంది. "అవును బాబూ, అదే. మొదట్లో సూసిన డాకటరుబాబు కూడా సున్నవే అన్నాడు. ఆ పొద్దు నుంచీ ఆకులో సున్నం ఎయ్యడం మానేసినాను. ఉత్తాకు నవుల్తన్నాను, గడ్డి నవిలినట్టుంటాది. సుట్టొక్కటే మానలేకపోనాను. అయినా భుజానికీ సుట్టకీ ఏటి సమ్మందం?"

తమలపాకులో సున్నం మానమని ఆవిడకు ఏ డాక్టరూ చెప్పలేదు. ఒంట్లో పేరుకున్నది నోట్లోంచే పోయి ఉంటుందని ఆవిడే అనుకుంది. తప్పని చెప్పినవాళ్లూ లేరు. చుట్ట సంగతి అడిగినవాళ్లు అంతకన్నా లేరు. శశికిరణ్‌కు నవ్వొచ్చింది. గురువుగారు మాత్రం ఆవిడ కుడికంటి వైపు చూస్తున్నారు. ఆ రెప్ప సగం వాలిపోయి ఉంది.

"పాత ఫిల్ములు ఉన్నాయా బాబూ?" అని దానయ్యను అడిగారాయన. దానయ్య సంచిలోంచి తీసి ఇచ్చాడు. అన్నీ ఎండుచేపల వాసన వేస్తున్నాయి. ఆయన వాటిని గోడమీద దీపాల పెట్టెకు వరసగా తగిలించి, తెర మీద ఉన్న కొత్తదాన్నీ చూపించి, "వీటిలో బాగా తీసిన పటం ఏదో చెప్పు" అన్నారు.

శశికిరణ్ ఆలోచించనే లేదు. కొత్తదాన్ని చూపించాడు. చూపించడానికి కారణం ఉంది. అతను వచ్చేనాటికి అక్కడి టెక్నీషియన్లు భుజం తీయమంటే మెడనూ రొమ్మునూ కూడా కలిపేసి తీసేవారు. అడిగినచోటికే వెలుగును కుదించి, ఆ ఒక్కచోటే ఎక్స్‌రే తగిలేలా తీయడం వాళ్ల వెంటపడి నేర్పించింది అతనే. కిరణాలు తక్కువ తగులుతాయి కనుక రోగికి మంచిదే, పుస్తకాల్లో ఉన్నదే. ఆ పనికి అతన్ని అందరూ మెచ్చుకున్నారు కూడా. మొదటి పటంలో సున్నం కనబడింది కనుక, ఆ తర్వాత తీసినవాళ్లంతా ఆ సున్నం చుట్టూనే ఇంకాస్త, ఇంకాస్త కుదించుకుంటూ పోయారు. కొత్తదాంట్లో ఒక్క కీలు తప్ప మరేమీ లేదు. అద్దంలా ఉంది.

గురువుగారు వరసలో మొదటి పటం దగ్గరికి వెళ్లారు. ఏదో చిన్న ఊళ్లో, ఎవరో అశ్రద్ధగా తీసిన పటం అది. అసిరమ్మ మెడలోని పూసలు కూడా అందులో పడ్డాయి. ఆయన ఎడమ అరచేతిని కీలు మీద పెట్టి, "ఇప్పుడు చూడు" అన్నారు.

శశికిరణ్ చూశాడు. మెడకింది కాలర్ ఎముక వెనక, ఊపిరితిత్తి పైకొసన, గాలితో నల్లగా ఉండవలసినచోట రేగిపండంత తెలుపు. దాని పక్కనే పక్కటెముక అంచు ఎలుక కొరికినట్టుంది. అతను గబగబా రెండో పటానికి వెళ్లాడు. అందులో ఆ చోటు సగమే పడింది. మూడోదాంట్లో లేదు. ఆ తర్వాత వేటిలోనూ లేదు. మూడోదాని నుంచీ అన్నీ ఈ ఆస్పత్రిలోనే, అతను నేర్పిన పద్ధతిలోనే తీసినవి.

"పొద్దున ఏదో అడిగావు" అన్నారు గురువుగారు.

శశికిరణ్ సీటీ స్కానుకు చీటీ రాయడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే అసిరమ్మను సీటీ స్కానులో పడుకోబెట్టారు. రేగిపండు ఇప్పుడు పిడికిలంత అయింది. పక్కటెముకలను తినేసింది, చేతికి వెళ్లే నరాలను చుట్టేసింది, వెన్నెముకలోకి కూడా దిగింది. కన్నురెప్ప వాలిపోయింది కూడా దానివల్లే. ముక్క తీసి పరీక్షకు పంపాలి గానీ, అదేమిటో గురుశిష్యులిద్దరికీ తెలుసు. కత్తి పెట్టే దశ దాటిపోయిందనీ తెలుసు. ఇన్నాళ్లూ ఏ పాపమూ ఎరగని ఆ కీలులోకి నొప్పి తగ్గడానికని సూదిమందులు పొడిచారు, ఆవిడ పళ్లు బిగించి ఓర్చుకుంది. అది తలచుకుంటే శశికిరణ్‌కు తనమీద తనకే అసహ్యం వేసింది.

గురువుగారు దానయ్యను వరండాలోకి తీసుకెళ్లి దాపరికం లేకుండా చెప్పారు. "అమ్మకి నానే సెప్తాను బాబూ, ఇంటికెళ్లినాక" అని దానయ్య గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

లోపల అసిరమ్మ బల్ల దిగింది. పెద్ద యంత్రంలో పెట్టి తీశారన్న నమ్మకం ఆవిడ ముఖంలో కనబడుతోంది. "ఇంత పెద్ద మిసన్లో ఎట్టినారు కదా బాబూ, సున్నం కరిగినాదా? ఇంక ఆకేసుకోవచ్చా?" అని శశికిరణ్‌ను అడిగింది.

అతను గుమ్మంలో నిలబడ్డ గురువుగారి వైపు చూశాడు. ఆయన వచ్చి, ఎడమ అరచేతిని ఆవిడ కుడిభుజం మీద మెల్లగా ఆనించారు.

"వేసుకోండమ్మా. సున్నం రాసుకునే వేసుకోండి" అన్నారు. "ఇంక ఏదీ మానక్కర్లేదు."