ఇంటికి తలంటు

అనగా అనగా, సముద్రం ఊరికి ఇప్పటికంటే దగ్గరగా ఉన్న రోజుల్లో, ఉప్పు నేల మీద ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా నీళ్ళు పడేవి. ఎక్కడ పడినా ఉప్పగానే ఉండేవి. ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కోవచ్చు. వాకిలి చల్లుకోవచ్చు. తాగడానికి మాత్రం పనికిరావు.

తాగడానికి వాళ్ళకి ఆకాశం ఉండేది.

అందుకని ఆ ఊరి ఇళ్ళు వేరుగా ఉండేవి. ప్రతి పెంకుటింటి చూరు కింద తాటిమాను దొలిచి చేసిన దోనె. కప్పు మీద పడ్డ వానంతా ఆ దోనెలోకి జారేది. దోనె చివర, గోడ వెంట కిందికి దిగే వెదురు గొట్టం. గొట్టం అడుగున కుమ్మరి చేసిన మట్టి మూతి. అది ఏనుగు తొండంలా వంగి ఉండేది కాబట్టి దాన్ని తొండం అనే పిలిచేవాళ్ళు. అటు తిప్పితే నీళ్ళు వీధిలోకి. ఇటు తిప్పితే కాగులోకి. ఆ కాగులు మనిషి నిలబడి దాక్కోగలిగినంత పెద్దవి. వానాకాలంలో నిండితే మళ్ళీ వానాకాలం దాకా ఇంటిల్లిపాదీ అవే తాగాలి.

ఆ దోనెల్నీ గొట్టాల్నీ బాగుచేసేది దాలమ్మ.

దాలమ్మది తాటాకు గుడిసె. తాటాకు మీద నుంచి కారిన నీళ్ళు చేదు. కాబట్టి ఊరందరి గొట్టాలు చూసే దాలమ్మకి సొంత గొట్టం లేదు. పనికి బదులు ఇంటికొక కడవ మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు. ఆమె తాగేది అదే.

ఆమె పని చేస్తుంటే చూడాలి. ముందు గొట్టాన్ని వేళ్ళతో తట్టేది. "లోపలెవరున్నారు? వానొస్తోంది, బయటికి రండి" అనేది. ఒక్కోసారి బల్లి వచ్చేది. ఒక్కోసారి ఉడత వచ్చేది. ఒకసారి పామే వచ్చి, ఆమెని చూసి, తన దారిన తాను పోయింది. అందరూ వెళ్ళిపోయాక పొడుగాటి ఇనుప చువ్వతో లోపలి చెత్త తోసేది. పగిలిన చోట కొబ్బరి పీచు చుట్టి, గుగ్గిలం నూనెలో కరిగించి పూసేది. చివరికి నిచ్చెనెక్కి దోనెలో ఒక చెంబుడు నీళ్ళు పోసేది. గబగబా దిగొచ్చి తొండం కింద అదే చెంబు పట్టేది.

"పైన పోసిన చెంబు కిందికి చెంబుగానే రావాలి" అనేది.

చెంబు కొంచెం వెలితిగా వస్తే మళ్ళీ మొదటి నుంచి. సరిగ్గా వచ్చినా ఊరుకునేది కాదు. నాలుగడుగులు వేసి ఆగేది. "మళ్ళీ ఒకసారి చూసొస్తాను" అని వెనక్కి వచ్చేది.

పక్క వీధి గైరమ్మకి నోరు ఎక్కువ. "ఏటత్తా, మొన్న చూశావు, నిన్న చూశావు. మా గొట్టమేమైనా పెళ్ళికూతురా, రోజూ వచ్చి చూడ్డానికి?" అనేది.

"పెళ్ళికూతురైతే ఒకసారి చూసి ఊరుకుందునే. ఈ నీళ్ళు నీ పిల్ల తాగుతుంది కదా" అనేది దాలమ్మ.

ఇక తొలి వాన వచ్చిందంటే ఆమెని పట్టలేం. కొంగు నడుముకి చుట్టుకుని ఊరంతా పరిగెత్తేది. ప్రతి ఇంటి తొండాన్నీ వీధి వైపు తిప్పేసేది.

"ఏడాది పొడుగునా ఈ కప్పు మీద దుమ్ము పడింది. కాకి కూర్చుంది. పిల్లి తిరిగింది. ఇల్లు తలంటుకోవాలా వద్దా? తలంటుకున్న నీళ్ళు ఎవరైనా తాగుతారా?"

తొండం దగ్గర నిలబడి ఇంటినే అడిగేది: "తలంటు అయిందా?" ఒక దోసెడు నీళ్ళు పట్టి చూసేది. "ఇంకా లేదు." కాసేపాగి మళ్ళీ, "తలంటు అయిందా?" వాసన చూసేది. "ఇంకా లేదు." మూడోసారి అడిగి నాలిక మీద వేసుకునేది. అప్పుడు ఆమె ముఖం విచ్చుకునేది. "అయింది. తిప్పండి!"

ఆ రోజుల్లో వానలకి కొదవ లేదు. ఒక వాన వీధిలోకి పోతే ఎవరికీ బాధ లేదు. అందుకే జనం నవ్వుకుంటూ ఆమె చెప్పినట్టే చేసేవాళ్ళు.

తర్వాత కరువొచ్చింది.

మొదటి ఏడు కాగులు సగమే నిండాయి. రెండో ఏడు అడుగు మాత్రమే తడిసింది. మూడో ఏడు అదీ లేదు. మగవాళ్ళు కొండ అవతలి ఏటికి కావిళ్ళు వేసుకుని వెళ్ళేవాళ్ళు. చూస్తుండగానే ఆ ఏరు కూడా ఇసుకైపోయింది. పిల్లల పెదాలు పగిలాయి. గైరమ్మ కూతురు పోలికి అప్పటికి నాలుగేళ్ళు. ఏడిస్తే కంట్లో నీళ్ళు వచ్చేవి కావు.

దాలమ్మ మాత్రం రోజూ నిచ్చెన మోసుకుని బయల్దేరేది. ఇవ్వడానికి కడవెడు నీళ్ళు ఏ ఇంట్లోనూ లేవు. అయినా వెళ్ళేది. ఎండకి బీటలు తీసిన వెదురుకి పీచు చుట్టేది.

ఊరి పెద్ద లోకునాయుడు అరుగు మీద కూర్చుని చూసి, "వానే లేదు, గొట్టాలెందుకే పిచ్చిదానా?" అన్నాడు.

"వానొచ్చేటప్పుడు మనకి కబురంపి రాదు కదా బాబూ" అంది దాలమ్మ.

చివరికి లోకునాయుడు ఊరందర్నీ పిలిచాడు. "వచ్చే అమావాస్య దాకా చూద్దాం. అప్పటికీ పడకపోతే ఊరు వదిలేద్దాం. దేవుడు ఎక్కడ నీళ్ళిస్తే అక్కడే మన ఊరు" అన్నాడు. ఇంటింటా మూటలు కట్టారు.

అమావాస్య రేపనగా, మిట్టమధ్యాహ్నం, సముద్రం మీద ఒక మబ్బు లేచింది. ముందు అరచేయంత. తర్వాత చేటంత. తర్వాత ఆకాశమంత. చల్లటి గాలి కొట్టింది. మట్టి వాసన వచ్చింది. ఊరు ఊరంతా కేకలు పెడుతూ ఇళ్ళలోకి పరిగెత్తింది. కట్టిన మూటలు విప్పి కడవలు తీశారు. బిందెలు తీశారు. ముంతలు, మూకుళ్ళు, ఏది దొరికితే అది తీసుకుని చూరుల కింద నిలబడ్డారు.

దాలమ్మ వీధిలోకి వచ్చి కేకేసింది. "తిప్పండి! తొండాలు వీధి వైపు తిప్పండి! తలంటు కానివ్వండి!"

ఎవరూ తిప్పలేదు.

లోకునాయుడు ఆమెకి అడ్డం వచ్చాడు. "మతి పోయిందా దాలమ్మా? ఇది ఒక్క వానే అయితే? దీని తర్వాత ఇంకోటి రాకపోతే?"

"రాకపోతే మీరంతా వెళ్ళిపోండి బాబూ. నన్ను ఇక్కడే వదిలేయండి. కానీ ఈ నీళ్ళు తాగొద్దు. రెండేళ్ళుగా కప్పుల్ని సరిగ్గా కడిగిన వాన లేదు. ఏమేం చచ్చి పడున్నాయో ఆ పెంకుల మీద!"

తొలి చినుకు పడింది. దాలమ్మ దగ్గర్లో ఉన్న గైరమ్మ ఇంటికి పరిగెత్తి తొండం పట్టుకుంది. గైరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. చంకలో పోలి తల వేలాడేసి ఉంది.

"వదులత్తా! నీకు దండం పెడతాను. నా పిల్ల నోరు తడవాలి. నీకు పిల్లలుంటే తెలిసేది!"

దాలమ్మ చెయ్యి తీయలేదు. గొంతు మాత్రం తగ్గింది.

"నాకూ ఒకడు ఉండేవాడే. నువ్వప్పటికి ఈ ఊరి కోడలివి కావు. ఇలాంటి కరువులోనే, ఇలాంటి తొలి వానకే, నా చేతులతో దోసిలి పట్టి తాగించాను. ఎంత ఆత్రంగా తాగాడనుకున్నావు! ఇంకా పొయ్యమ్మా అన్నాడు. ఇంకా పోశాను. మూడు పొద్దులు దాటలేదే."

గైరమ్మ ఆమె ముఖంలోకి చూసింది. చంకలో పిల్లని చూసింది. ఆమె పట్టు సడలింది. తర్వాత ఆ చేత్తోనే, తనే, తొండాన్ని వీధి వైపు తిప్పింది.

గైరమ్మ తిప్పడం చూసి ఎదురింటి వాళ్ళు తిప్పారు. ఎదురింటి వాళ్ళని చూసి పక్కింటి వాళ్ళు తిప్పారు. లోకునాయుడు అందరి వైపూ చూసి, పళ్ళు కొరుకుతూ తనూ తిప్పాడు.

అప్పుడు వాన కొట్టింది. అలాంటి వానని ఆ ఊరు ఎప్పుడూ ఎరగదు. అన్ని ఇళ్ళ తొండాల నుంచీ నీళ్ళు ధారలు కట్టి ఇసుకలోకి దూకాయి. దాహంతో నాలికలు పిడచకట్టిన మనుషులు కడవలు పట్టుకుని, ఆ నీళ్ళు పోతుంటే నిలబడి చూశారు. పసివాళ్ళ చేతులు పెద్దవాళ్ళు పట్టుకున్నారు. కొందరు ఏడ్చారు. ఎవరూ కదల్లేదు.

ముందు కాటుకలా నల్లటి నీళ్ళు వచ్చాయి. వాటితో పాటు పిట్ట ఎముకలు, ఎండిన గబ్బిలం, బల్లుల తోకలు కొట్టుకొచ్చాయి. తర్వాత బెల్లం పాకం రంగు నీళ్ళు వచ్చాయి. తర్వాత కాస్త పలచబడ్డాయి.

"తలంటు అయిందా?" అని అడిగింది దాలమ్మ. దోసిట్లో చూసింది. "ఇంకా లేదు."

"తలంటు అయిందా?" వాసన చూసింది. "ఇంకా లేదు."

వాన ఆగిపోయింది.

చూరుల నుంచి చుక్క, చుక్క. తర్వాత అదీ లేదు. ఎండ కాసింది. ఇసుక నీళ్ళన్నీ తాగేసి, ఏమీ ఎరగనట్టు పడుకుంది. తిట్టడానికి కూడా ఎవరి గొంతులోనూ తడి లేదు. అందరూ దాలమ్మని చూశారు.

దాలమ్మ నిచ్చెన భుజానికెత్తుకుంది. "మళ్ళీ ఒకసారి చూసొస్తాను" అంది.

ఇంటింటికీ వెళ్ళింది. నిచ్చెనెక్కి, వాన కొట్టుకొచ్చి దోనెల్లో వదిలేసిన చెత్తని చేతులతో తీసింది. చువ్వ పెట్టి గొట్టాలు తోసింది. ఊడిన పీచు మళ్ళీ చుట్టింది. జనం ఆమె వెనకే నడిచారు. ఎందుకు నడిచారంటే వాళ్ళకీ తెలియదు. మొదట గైరమ్మ నిచ్చెన పట్టుకుంది. తర్వాత ఇంకొకరు పట్టుకున్నారు. చివరింటి దోనెలో చెయ్యి పెట్టేసరికి దాలమ్మ మెడ మీద ఒక చల్లటి చుక్క పడింది.

రెండో వాన.

ఈసారి ఉరుము లేదు, గాలి లేదు. తల్లి తల నిమిరినట్టు మెల్లగా, ఆగకుండా కురిసింది. దాలమ్మ నిచ్చెన దిగి తొండం కింద దోసిలి పట్టింది.

"తలంటు అయిందా?"

నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుంది.

"అయింది. తిప్పండి!"

ఆ వాన మర్నాటి దాకా ఆగలేదు. కాగులన్నీ నిండి పొర్లాయి. మొదటి దోసెడు పోలి తాగింది. ఇంకా పొయ్యమ్మా అంది. ఇంకా పోశారు. పోలి బతికింది, పెరిగింది. ఊరు ఎక్కడికీ వెళ్ళలేదు.

లోకునాయుడు మాత్రం తొలి వానలో ఎవరూ చూడకుండా పెరటి చూరు కింద ఒక కుండ పెట్టుకున్నాడట. మర్నాడు మూత తీసి చూస్తే అడుగున చేరెడు నల్ల బురద, మీద ఒక తొండ తేలుతూ. ఆ కుండని చడీచప్పుడు లేకుండా కొబ్బరి చెట్టు మొదట్లో కుమ్మరించి, తిన్నగా దాలమ్మ గుడిసెకి వెళ్ళాడు. "మా పెరటి చూరుకి కూడా ఒక దోనె వేసిపెట్టమ్మా" అన్నాడు. అప్పటిదాకా ఆయన ఆమెని అమ్మా అనలేదు.

ఏళ్ళు గడిచాయి. దాలమ్మకి చూపు తగ్గింది. గొట్టానికి చెవి పెట్టి పగులెక్కడో చెప్పేది. నడుము వంగింది. నిచ్చెన పోలి ఎక్కేది, దాలమ్మ కింద చెంబు పట్టేది. ఒక వేసవి చివర్లో, ఆకాశంలో మబ్బు తునక కూడా లేని రోజున, దాలమ్మ వెళ్ళిపోయింది.

ఊరంతా ఆమె వెంట ఇసుక దిబ్బల దాకా నడిచింది. పసిపిల్లలు, ముసలివాళ్ళు, ఎవరూ ఇంటి దగ్గర ఆగలేదు. మట్టి వేస్తుండగా ఎక్కడి నుంచి వచ్చిందో, వాన వచ్చింది.

తొలి వాన.

అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. వేసవంతా తొండాలు కాగుల వైపే ఉంటాయి. వాన ముందు వాటిని తిప్పే మనిషిని ఇప్పుడే మట్టిలో పెట్టారు. ఇంటి దగ్గర పురుగు కూడా లేదు. ఏడాది దుమ్మంతా కాగుల్లోకి పోతుంది. పోలి ముందు, జనం వెనక, తడుస్తూ పరిగెత్తారు.

ఊరి మొదట్లో పోలి ఆగిపోయింది. వెనక వచ్చిన వాళ్ళూ ఆగిపోయారు.

ప్రతి ఇంటి తొండం వీధి వైపు తిరిగి ఉంది.

గాలికి తిరిగాయని కొందరన్నారు. గాలికైతే అన్నీ ఒక వైపే తిరగాలి కదా. తూర్పు వరస ఇళ్ళ తొండాలు పడమటికి తిరిగి ఉన్నాయి. పడమటి వరస ఇళ్ళవి తూర్పుకి తిరిగి ఉన్నాయి. ప్రతి ఒక్కటీ తన వీధి తాను చూస్తోంది. ఒక్క చుక్క కూడా కాగులో పడలేదు. అన్ని ధారలూ ఇసుకలోకి పోతున్నాయి.

చాలాసేపు అలాగే తడిశారు. తర్వాత పోలి వెళ్ళి తమ ఇంటి తొండం కింద దోసిలి పట్టింది. అడిగింది.

"తలంటు అయిందా మామ్మా?"

దోసిట్లో నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఊళ్ళో తాటి దోనెలు లేవు. రేకు దోనెలు, ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. అయినా తొలి వానని ఎవరూ పట్టరు. అది దాలమ్మది. గొట్టం మూతి వీధి వైపు తిప్పి, పెద్దవాళ్ళు మూడుసార్లు అడుగుతారు. తేటగా వచ్చిన మొదటి దోసెడు ఆ ఇంట్లో అందరికంటే చిన్న పిల్లకి పడతారు. ఇంకా కావాలంటే ఇంకా పోస్తారు. అది దాలమ్మ కొడుకు వాటా అంటారు.

ఆ ఊరి వాళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళారు. చూరు లేని ఇళ్ళలో, వాన నీళ్ళు ఎటు పోతాయో తెలియని ఊళ్ళలో పిల్లల్ని పెంచుకుంటున్నారు. అక్కడ నీళ్ళు గోడలోంచి వస్తాయి. అయినా పొద్దున్నే కుళాయి తిప్పగానే గ్లాసు పెట్టరు. కాసేపు పోనిస్తారు. ధార కింద చెయ్యి పెట్టి, పిల్లలకి వినబడేలా అడుగుతారు.

"తలంటు అయిందా?"

బడికి టైమైపోతోందని పిల్లలు సంచీలు తగిలించుకుంటూ విసుక్కుంటారు. విసుక్కుంటూనే వచ్చి, వాళ్ళూ చెయ్యి పెట్టి చూస్తారు.

"అయింది" అంటారు.