పిట్టకాలి మట్టి

కొల్లేరు ఇంకా ఎవరి మాటా వినని కాలంలో ఒక లంక ఉండేదట. ఆ లంకలో పోలేరయ్య అని ఒక వేటగాడు. వల వేసి పిట్టల్ని పట్టేవాడు. పెళ్ళాం నాంచారమ్మ తుంగ కోసి చాపలల్లేది. లంకకి తుంగే కూడు, తుంగే గుడ్డ, తుంగే గూడు.

ఒడ్డున బంగళాలో ఒక దొర. ఆయనకి సముద్రాల అవతలి నుంచి ఒక ముసలిదొర ఉత్తరాలు రాసేవాడు. ఉత్తరం నిండా ప్రశ్నలే! మీ పావురాల ముక్కు ఎందుకు పొట్టి? మీ వానపాము ఎంత మట్టి తింటుంది? ఒకదానికి జవాబు రాసేలోగా ఇంకో ఓడలో ఇంకో ప్రశ్న దిగేది. ఒకసారి ఇలా అడిగాడు: "కాళ్ళు లేని మొక్క నీళ్ళెలా దాటుతుంది? పిట్టకాలి మట్టిలో విత్తనం ఉంటుందేమో చూసి చెప్పు."

దొర పోలేరయ్యని పిలిచి, "దూరాన్నించి వచ్చిన పిట్టని తెచ్చిపెట్టు. దాని కాళ్ళు చూడాలి" అన్నాడు.

పోలేరయ్య పట్టాడు. నాంచారమ్మ చూసింది. "దొరగారింటికి బురద కాళ్ళతో పంపుతావా? మన పరువేం గాను?" అని శుభ్రంగా కడిగి, తుడిచి ఇచ్చింది.

"అయ్యో, నాక్కావలసింది ఆ బురదేనయ్యా!" అని దొర తల పట్టుకున్నాడు.

రెండోసారి పిట్టని దోనె అంచున వేలాడదీసి తెచ్చాడు. దారి పొడుగునా కొల్లేరే దాని కాళ్ళు కడిగింది. మూడోసారి దాని కాళ్ళకి తన తలగుడ్డ చుట్టి, పసిబిడ్డలా ఎత్తుకొచ్చాడు.

దొర వక్కంత మట్టి గీకి, సాసరులో వేసి తడిపి, కిటికీలో పెట్టాడు. కొన్నాళ్ళకి కబురంపాడు. పోలేరయ్య వెళ్ళి చూస్తే పచ్చగా మొలకలు! ఒక రకం కాదు, రకరకాలు. తెలియకుండానే చేతులు జోడించాడు.

"ఇన్నేళ్ళూ ఎన్ని పొలాలు కూరొండుకు తిన్నానో తండ్రీ!" అన్నాడు.

ఆ తర్వాత ఉప్పెన వచ్చింది. సముద్రం లంక మీద పడుకుని లేచి పోయింది. తుంగంతా మాడిపోయింది. వానలొచ్చి ఉప్పు కడిగాయి గానీ తుంగ మాత్రం లేవలేదు. జనం కుండా చట్టీ దోనెల్లో సర్దుకున్నారు.

"కార్తీకం దాకా ఆగండి. పిట్టలొస్తాయి. అవి ఒట్టి కాళ్ళతో రావు" అని పోలేరయ్య బతిమాలాడు.

"పిట్టకాళ్ళు గీకితే పూట గడుస్తుందా?" అని నవ్వారు. కొందరు వెళ్ళారు. కొందరు, పోవడానికి చోటు లేనివాళ్ళు, ఆగారు.

కార్తీకం వచ్చింది. పిట్టలూ వచ్చాయి. పోలేరయ్య పట్టేవాడు, లంక ఒడ్డున కాళ్ళు గీకేవాడు, వదిలేసేవాడు. పట్టేవాడు, గీకేవాడు, వదిలేసేవాడు.

"పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. చేతిలో కూరని వదిలేస్తావా?" అని నాంచారమ్మ ఏడ్చింది.

"ఇది కూర కాదే. మన తుంగ" అన్నాడు.

ఆ చలికి, ఆ పస్తులకి జ్వరం తగిలి పోయాడు. ఒక్క మొలకా చూడలేదు పాపం. గీకిన చోటే అతన్ని పూడ్చారు.

తొలకరి పడింది. ఒడ్డు పచ్చబడింది. గడ్డి లేచింది, జమ్ము లేచింది, దాని వెనకాలే తుంగ లేచింది. వెళ్ళిన దోనెలు ఒక్కటొక్కటే తిరిగొచ్చాయి.

ఒకరోజు దొర దోనెలో వచ్చాడు. "ముసలిదొర రాశాడమ్మా. మట్టి తెచ్చినాయన ఎవరని అడిగాడు."

నాంచారమ్మ కొడవలితో ఒడ్డు చూపించింది. "అదుగో, అంతా ఆయనే. చూసి రాయండి బాబూ."

దొర అటు చూశాడు. తర్వాత బూట్లు విప్పి ఆ బురదలో దిగాడు.

ఇప్పటికీ ఆ లంకలో తొలి పిట్ట వాలిన రోజు వల వేయరు. ఎవరు లంకకి వచ్చినా కాళ్ళు కడుక్కునే ముందు చిటికెడు బురద తీసి ఒడ్డున పెట్టి, "పోలేరయ్యా, ఇదుగో నీ విత్తనం" అంటారు. చిన్నపిల్లలు బురద కాళ్ళతో ఇంట్లోకొస్తే అక్కడి తల్లులు తిట్టరు. చెంబు అందుకుంటూ, "ఉండు, కడిగేముందు ఒకసారి చూడనీ" అంటారు.