ఊకొట్టు నరసింహస్వామి నైవేద్యం

నల్లమల అడవి అంచున తుమ్మెదకొండపై వెలసిన స్వామిని ఊకొట్టు నరసింహుడంటారు. మూలవిరాట్టు శిరస్సు కుడివైపుకు కాస్త వంగి ఉంటుంది. అది శిల్పి పొరపాటనుకునే భక్తులు కొందరున్నారు. పాపం, వారికి అసలు సంగతి తెలియదు.

పూర్వం ఇక్కడ స్వామి నిటారుగా, మహోగ్రంగా కూర్చుని ఉండేవాడట. ఆయన ఎదుట ఒట్టు వేసి తప్పినవారికి చూపు పోయేదని ప్రతీతి. అందుకే చుట్టుపక్కల తగవులన్నీ ఈ గడప ముందే తెగేవి.

కొండ దిగువన ఓబుళమ్మ అనే మేదరి అవ్వ బుట్టలు అల్లుకుని బతికేది. తల్లిని పోగొట్టుకున్న మనవరాలు సుంకులు తప్ప ఆమెకు మరెవరూ లేరు. కథ చెబితేనే ఆ పిల్ల అన్నం తినేది. అవ్వ చెబుతూ ఉంటే పిల్ల ‘ఊ’ కొట్టేది. ‘ఊ’కో ముద్ద చొప్పున గిన్నె ఖాళీ అయ్యేది.

ఒకనాడు మేక తగవులో ఓబుళమ్మ సాక్ష్యానికి వచ్చింది. “పొద్దస్తమానం కతలల్లే మనిషి. ఈమె నోట నిజమెట్ల వస్తాది?” అని ఊరిపెద్ద నవ్వాడు. అవ్వకు రోషం వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పి అంతటితో ఊరుకోక, ఇకమీదట లేనిది ఉన్నట్టు ఒక్క మాటా పలకనని స్వామి ఎదుట కర్పూరం ఆర్పి ఒట్టు వేసింది.

ఆ పూట సుంకులు కథ అడిగింది. అవ్వ నోరు కట్టేసుకుంది. పిల్ల ముద్ద ముట్టలేదు. మర్నాడూ అంతే. బతిమాలినా, కసిరినా లాభం లేకపోయింది. చివరకు జ్వరం తగిలి, పిలిచినా పలకని స్థితికి వచ్చింది.

ఓబుళమ్మ పిల్లను భుజాన వేసుకుని, అన్నం గిన్నెతో కొండెక్కింది. ఒట్టు తప్పితే కళ్లు పోతాయని అర్చకుడు శేషాచార్యులు వారించాడు. ఆమె స్వామి ఎదుటే చతికిలబడింది.

“సామీ, గుమ్మడికాయ సందమామ ఇంటికి పెండ్లి సూపులకు పోలేదని నాకూ తెలుసు. అయినా చెప్తాండా. నా కండ్లు తీసుకో, బిడ్డ పానం ఇడిసిపెట్టు” అని, వెక్కుతూనే కథ మొదలుపెట్టింది.

గుమ్మడికాయ పల్లకీ ఎక్కగానే గర్భగుడిలోంచి ‘ఊ’ అని వినిపించింది. అవ్వ కళ్లు గట్టిగా మూసుకుంది, కథ మాత్రం ఆపలేదు. తన వంతు ఎవరో లాక్కున్నారని సుంకులుకు ఉక్రోషం వచ్చింది. నీరసంగా తానూ ‘ఊ’ అని నోరు తెరిచింది. కథ ముగిసి అవ్వ భయపడుతూ కళ్లు తెరిస్తే, మూతినిండా మెతుకులతో మనవరాలు కనిపించింది. స్వామి ఆమె వైపు చెవి ఒగ్గి, తల వంచి ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం కునుకులో శేషాచార్యులు, ఒట్టు తప్పినా ఎందుకు క్షమించావని స్వామిని అడిగాడట. “అబద్ధమాడేవాడు నేను వినకూడదని కోరుకుంటాడు. ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పింది. రేపటి నుంచి నా అన్నమూ అలాగే పెట్టు” అన్నాడట స్వామి.

నేటికీ ఇక్కడ ఎవరో ఒకరు కథ చెప్పనిదే మధ్యాహ్న నైవేద్యం జరగదు. అన్నం సయించని బిడ్డలను తీసుకువచ్చి ఆ ప్రసాదం తినిపిస్తే మళ్లీ ఆకలి పుడుతుందని నమ్మకం. ఇంట్లో తమ మాట వినేవారు లేని పెద్దలు కూడా వస్తుంటారు. చెబుతూ చెబుతూ మధ్యలో మరిచిపోయినా కంగారు పడనక్కర్లేదు. గుర్తు వచ్చేదాకా స్వామి ఆకలితోనే కూర్చుంటాడు.