ఎడమ రెక్క ఈకలు

మంచుకొండల నుంచి ఉప్పుచిత్తడి నేలల దాకా ఖండంలో ఎన్ని అడవులున్నాయో, అన్నిటికీ కలిపి ఒకటే బ్యాడ్మింటన్ సమాఖ్య ఉండేది. ఎవరు ఎక్కడ ఆడాలి, నెట్ ఎంత ఎత్తున కట్టాలి, ఎవరు గెలిచినట్టు, అన్నీ అదే తేల్చాలి. దానికి అధ్యక్షుడు ఎద్దు కోటయ్య. కొమ్ములుండి కూడా ఎవరినీ పొడవడని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగి బ్యాట్ పట్టినవాడు కాదు. గిట్టలతో ఎలా పడతాడు?

పట్టకపోతే పోనీ, అడిగి తెలుసుకోవచ్చు కదా. మొదటి సమావేశంలోనే అడుగుదామనుకున్నాడు పాపం. అక్కడ కోతులూ ఉడతలూ డ్రాప్ అంటున్నాయి, స్మాష్ అంటున్నాయి, ఒకదాని మాట ఒకటి వినడం లేదు. "అధ్యక్షులవారేమంటారు?" అని అన్నీ ఒక్కసారిగా ఆయన వైపు తిరిగాయి. కోటయ్య చెవులు వేడెక్కాయి. ఏమనాలో తోచక నిదానంగా తల ఊపాడు. "ఎంత లోతైనవారో!" అని మెచ్చుకున్నాయి. అంత మెప్పు పొందాక ఇక ఏం అడుగుతాడు? ఆరేళ్లుగా ఆ తల అలా ఊగుతూనే ఉంది.

ఈ సంగతి కనిపెట్టినవాడు ఒక్కడే, కార్యదర్శి నక్క పాపారావు. కనిపెట్టి, అవసరానికి పనికొస్తుందని దాచుకున్నాడు.

ఆ ఏడాది ఖండం ఫైనల్లో ఒకవైపు కొండముచ్చు గంగులు, పాపారావు పుట్టిన కొండవాడే. రెండోవైపు కుందేలు నూకాలు. ఉప్పుచిత్తడి నుంచి అంత దూరం వచ్చిన మొదటి పిల్ల అదే. గాలికి షటిల్ కాక్ ఎటో కొట్టుకుపోయే బీడులో ఆట నేర్చుకుని, ఇరవై రోజులు నడిచి వచ్చింది.

ఫైనల్‌కు ముందు ఒక ఆనవాయితీ ఉంది. కాక్‌ల డబ్బాను అధ్యక్షుడు పరీక్షించి, మూత మీద గిట్ట ముద్ర వెయ్యాలి. ముద్ర పడ్డాక వాటిని మార్చడానికి లేదు. ఆ కాక్‌లు కట్టేది బాతులు. ఒక్కో కాక్‌కు పదహారు ఈకలు, అన్నీ ఎడమ రెక్కవే. కట్టినవాళ్లు ఆట చూడటానికి రాకూడదని నియమం కూడా ఉంది.

పాపారావు ఆ డబ్బాను మాయం చేసి, రెండు రెక్కల ఈకలూ కలిపి కట్టించిన కాక్‌ల డబ్బా పట్టుకొచ్చాడు. అవి గాల్లో తూలుతూ పోతాయి. గంగులు రెండు నెలలుగా వాటితోనే ఆడుతున్నాడు.

"పరీక్షించండి అయ్యగారూ."

కోటయ్య ఒక కాక్‌ను మూతితో అటు దొర్లించాడు, ఇటు దొర్లించాడు. వాసన చూశాడు. బాతు వాసనే వచ్చింది.

"బాగానే ఉన్నాయంటావా?"

"మీకు నేను చెప్పేటంతవాణ్ణా! మీ చూపు పడితే చాలదూ?"

కోటయ్య తల ఊపి ముద్ర వేసేశాడు.

ఆట మొదలవబోతూ నాలుగు దెబ్బలు కొట్టి చూసిన నూకాలు, బ్యాట్ చంకలో పెట్టుకుని ఆయన కుర్చీ దగ్గరకు వచ్చింది.

"అయ్యా, ఈ కాక్‌లు తూలిపోతన్నాయి. రెండు రెక్కల ఈకలూ కలిసిపోనాయేమో. ఒక్కసారి చూడండయ్యా."

కోటయ్యకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. రెండు రెక్కలేమిటి? కలిస్తే ఏమవుతుంది? బాతుల పాక మైదానం వెనకాలే ఉంది, కబురు పంపితే తేలిపోయేది. పాపారావు ఆయన చెవి దగ్గరకు వంగాడు.

"ఇప్పుడు అడిగించారంటే, ఆరేళ్లుగా ఏం చూసి ముద్ర వేశారంటారు అయ్యగారూ."

కోటయ్య గొంతు సవరించుకున్నాడు. "సమాఖ్య అన్నీ పరిశీలించే ముద్ర వేసింది. వెళ్లి ఆడమ్మా."

నూకాలు ఆడింది. కాక్ వస్తుందనుకున్న చోటికి దూకేది, అది ఇంకో చోట పడేది. మొదటి ఆటలో తొమ్మిది పాయింట్లు, రెండోదాంట్లో ఏడు. జనం పకపకా నవ్వారు. గంగులు మెడలో పతకం వేస్తూ కోటయ్య ఎవరి ముఖమూ చూడలేకపోయాడు.

సాయంత్రం నూకాలు సమాఖ్య ఆఫీసుకు వచ్చింది.

"ఓడిపోనానని రాలేదయ్యా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. ఆ కాక్‌ల సంగతి తెలీక ముద్ర వేసినారా, తెలిసే వేసినారా?"

"ఎందుకమ్మా ఇప్పుడది?"

"తెలీక వేసుంటే ఏటీ లేదు. తెలీనివి ఎవరికైనా ఉంటాయి. వచ్చే ఏడు మళ్లీ వస్తాను, మావోళ్లను ఇంకో నలుగుర్ని తీసుకొస్తాను. తెలిసే వేసుంటే మాత్రం ఇంత దూరం నడిచి రావడం దండగ. ఆట మానేస్తాను."

నాకు ఆట తెలియదు తల్లీ! ఆ మాట నాలుక మీదికి వచ్చేసింది. కానీ గుమ్మంలో పాపారావు నిలబడి ఉన్నాడు. కిటికీ అవతల రెండు ఉడతలు చెవులు రిక్కించాయి.

"ఆరేళ్ల అధ్యక్షుణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి?" అన్నాడు కోటయ్య. "అన్నీ తెలిసే వేశాను. పెద్దవాళ్ల నిర్ణయాలకు కారణాలుంటాయి."

తానన్నదేమిటో తన చెవిన పడ్డాక గానీ ఆయనకు అర్థం కాలేదు. అప్పటికే నూకాలు బ్యాట్‌ను బల్ల మీద పెట్టేసింది. ఏడవలేదు, తిట్టలేదు. దండం పెట్టి వెళ్లిపోయింది.

పాపారావు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "భలేవారు అయ్యగారూ! పొరపాటైందని నా మీదికి నెట్టేస్తారని పొద్దుటి నుంచీ భయపడి చస్తున్నాను. తెలివితక్కువవాడు అనిపించుకోవడం కంటే మోసగాడు అనిపించుకోవడమే నయమని మీరే తేల్చేశారు. ముద్ర మీది, మాటా మీదే. ఇక నాకేం భయం?"

కోటయ్య లేచి బాతుల పాకకు వెళ్లాడు. అక్కడ బాతు సీతాలు ఈకలు ఏరుకుంటోంది.

"సీతాలమ్మా, కాక్‌కు ఎడమ రెక్క ఈకలే ఎందుకు?" ఆరేళ్లలో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"ఒక రెక్క ఈకలన్నీ ఒకే వైపు వంగుంటాయి బాబూ. అందుకే కాక్ ఒకే తీరున తిరుగుతూ నిలకడగా పోతుంది. రెండూ కలిపితే తూలుతుంది."

"అంతేనా?"

"అంతే. ఎవరడిగినా చెబుతాం. మీరు అడగందే మేమెలా చెబుతాం?"

కోటయ్య చిత్తడి దారి పట్టి పరుగెత్తాడు. కుందేలును ఎద్దు ఏం అందుకుంటుంది? అడవి అంచు చేరేసరికే రొప్పు వచ్చి ఆగిపోయాడు. తెలియదు తల్లీ, నాకు తెలియదు అని ఖాళీ దారి మీద నిలబడి గట్టిగా అరిచాడు. సిగ్గుతో ఆయన తల కిందికి వాలిపోయింది.

తెలియదని చెప్పడానికి సిగ్గుపడితే, తలపెట్టని మోసాన్ని కూడా నేనే చేశానని ఒప్పుకోవాల్సి వస్తుంది.