ఎండ తాగిన కొలను

మణిగిరి రాజు ఉద్దండవర్మకు ఒక ఏడాది ఈత మీద మనసు పుట్టింది. ఏటికి వెళ్తే జనం గుమిగూడి చూస్తారు. కోటలో ఉన్నదేమో కూర్చుంటే నిండిపోయే స్నానపు తొట్టి.

"హాయిగా ఈదడానికి నాకంటూ ఒక కొలను కావాలి. ఎవరు కడతారు?" అని నిండు కొలువులో అడిగాడు.

గుత్తేదారు కనకలింగం ముందుకొచ్చాడు. మనిషి నున్నగా ఉంటాడు, మాట అంతకంటే నున్నన. "ప్రభూ, వల్లభయ్యగారి పెరట్లో కొలను కట్టింది నేనే. ఎలా ఉందో వారినే అడగండి" అన్నాడు.

కొలువంతా వల్లభయ్య వైపు తిరిగింది. ఎంతటి చిక్కుముడినైనా విప్పగలవాడని ఆస్థానంలో వల్లభయ్యకు పేరు. ఆ పేరును అందరికంటే గట్టిగా నమ్మినవాడు వల్లభయ్యే.

నిజం చెప్పాలంటే, ఆ పెరటి కొలనులో పొద్దున పోసిన నీళ్లు సాయంత్రానికి మోకాలి లోతుకు దిగిపోయేవి. ఇదేమిటయ్యా అని అడిగితే కనకలింగం, "ఎండ తాగేస్తోందండీ" అన్నాడు. వల్లభయ్య తాటాకు పందిరి వేయించాడు. నీళ్లు తగ్గాయి. "కాకులు తాగేస్తున్నాయండీ" అన్నాడు. వల్లభయ్య గట్టున గడ్డిబొమ్మను నిలబెట్టి, దాని తలకు తన తలపాగా చుట్టాడు. అయినా నీళ్లు తగ్గాయి. "దిష్టి తగిలిందండీ" అన్నాడు. వల్లభయ్య బూడిద గుమ్మడికాయ కట్టి, రోజూ దానికి దండం కూడా పెట్టుకున్నాడు.

ఈ భాగోతమంతా కొలువులో చెప్పుకుంటే ఇంకేమైనా ఉందా! వల్లభయ్య గొంతు సవరించుకున్నాడు.

"అద్భుతమైన కొలను ప్రభూ!"

"అయితే పూచీ నీదే" అన్నాడు రాజు. "నీళ్లు నిలవకపోతే ఏటి నుంచి కావడితో మోసి రోజూ నింపాల్సింది నువ్వే."

వల్లభయ్య నవ్వబోయి ఆగాడు. రాజు నవ్వడం లేదు.

రోహిణి కార్తె నాటికి కోటలో కొలను సిద్ధమైంది. పొద్దున్నే గుండెల లోతు నీళ్లు పోయించారు. సాయంత్రం రాజు దట్టీ బిగించి, కళ్లు మూసుకుని ఒక్క దూకు దూకాడు. నీళ్లు మోకాళ్ల దాకా కూడా లేవు. రాజుగారి అరుపు కోట గుమ్మం దాకా వినిపించింది.

"ఎండ తాగేసింది ప్రభూ!" అన్నాడు కనకలింగం, కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకుని.

రాజు అరికాళ్లు రుద్దుకుంటూ వల్లభయ్యను పిలిచాడు. "ఎండే తాగిందంటే రోజూ నింపక తప్పదు, కావడి ఎత్తుకో. గుత్తేదారుదే తప్పంటావా, రుజువు చెయ్యి. రేపు సాయంత్రం దాకా గడువు."

ఇంటికొచ్చిన వల్లభయ్య పెరట్లో కావడి బద్ద భుజాన పెట్టుకుని రెండడుగులు వేసి చూశాడు. ఖాళీ కావడికే నడుం పట్టేసింది. భార్య మాణిక్యాంబ చూసి, "ఏమిటండీ ఈ వేషం?" అంది. ఆయన జరిగిందంతా చెప్పాడు.

"ఎండ తాగేసిందని మీరింకా నమ్ముతున్నారా?" అందామె. "ఏడాదిగా నా నీళ్ల గంగాళం ఈ కొలను పక్కనే ఉందా? దానికీ ఇదే ఎండ, ఇవే కాకులు. అందులో పోసిన నీళ్లు ఒక్కరోజులో వేలెడు తగ్గితే ఒట్టు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. మీరు గడ్డిబొమ్మకు తలపాగా చుట్టే పనిలో ఉన్నారు."

వల్లభయ్యకు చచ్చేంత సిగ్గేసింది. అంతలోనే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆ గంగాళాన్ని కోటకు మోయించి కొలను గట్టున పెట్టించాడు. రాజు కళ్లెదుటే రెండింటినీ నిండా నింపించి, చుట్టూ భటులను కాపలా ఉంచాడు. సాయంత్రం అందరూ వచ్చి చూశారు. కొలనులో నీళ్లు మోకాలి కిందికి దిగాయి. గంగాళంలో నీళ్లు అంచుకు కాస్త కింద నిలిచి ఉన్నాయి.

కనకలింగం ఏమాత్రం తడబడలేదు. చేతులు జోడించి, "ప్రభూ, సూర్యభగవానుడికి ఆమాత్రం స్థాయి ఉండదా? సాక్షాత్తూ రాజుగారి కొలను ఎదురుగా ఉంటే, పోయి పోయి ఇంటి గంగాళంలో తాగుతాడా?" అన్నాడు.

రాజు మీసం మెల్లగా పైకి లేచింది. ఆ మాట ఆయనకు నచ్చేసింది. వల్లభయ్యకు భుజం మీద కావడి బరువు తెలిసొచ్చింది. ఇక దాచుకుంటే పరువు మిగులుతుందేమో గానీ నడుం మిగలదు. ఒక్క క్షణం కళ్లు మూసుకుని నోరు విప్పాడు.

"అయితే ప్రభూ, ఏడాదిగా ఈ రాజ్యానికి నేనూ రాజునే! మా పెరటి కొలనును కూడా సూర్యుడు రోజూ తాగేస్తున్నాడు."



"అద్భుతం అన్నావుగా?" అన్నాడు రాజు.

"నేను మోసపోయిన తీరు అద్భుతం ప్రభూ" అని వల్లభయ్య పందిరి, గడ్డిబొమ్మ, గుమ్మడికాయ, దానికి పెట్టిన దండాలు, ఏదీ దాచకుండా చెప్పేశాడు.

రాజు నవ్వు ఆపుకుంటూ గుత్తేదారు వైపు తిరిగాడు. "చెప్పవయ్యా కనకలింగం, మణిగిరికి రాజు ఒక్కడా, ఇద్దరా?"

కనకలింగం ఇద్దరంటే తల పోతుంది. ఒక్కడంటే మాట పోతుంది. తలనే ఉంచుకున్నాడు.

"ఒక్కరే ప్రభూ! గచ్చు కారుతోంది. వారం రోజులు గానుగలో నలగాల్సిన సున్నాన్ని ఒక్క పూటే తిప్పించాను. వల్లభయ్యగారింట్లో అదీ లేదు."

"అయితే రెండు కొలనులకూ మళ్లీ గచ్చు చెయ్యి. ఈసారి గానుగకు ఎడ్లను కట్టేది లేదు, నువ్వే తిప్పుతావు" అన్నాడు రాజు. తరువాత మెడలోని ముత్యాల హారం తీసి వల్లభయ్యకు అందిస్తూ, "ఇది నీ తెలివికి" అన్నాడు.

"తెలివి మా ఆవిడది ప్రభూ. పూచీ ఒక్కటే నాది."

"అయితే హారం ఆమెకే ఇవ్వు" అని రాజు తన పట్టు తలపాగా తీసి వల్లభయ్య చేతిలో పెట్టాడు. "ఇది నీకు. దీన్నైనా నీ తలకే చుట్టుకో!"

కొలువంతా పగలబడి నవ్వింది. అందరికంటే బిగ్గరగా నవ్వింది వల్లభయ్యే.