ఎర్ర చుక్క మంచం

డాక్టర్ స్తెల్లా చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. అయినా మదర్ రోజాలియా ఆమె రాసిన వ్యాసం మీద సంతకం పెట్టడం లేదు. అదీ స్తెల్లా బాధ. బాధ అనడం కంటే మంట అనడమే సబబు.

చీరాల దాటాక సరుగుడు తోటల మధ్య ఉన్న ఆ మిషను ఆసుపత్రికి మూత్రసంచి క్యాన్సర్‌తో వచ్చేవాళ్ళు ఎక్కువ. అద్దకం షెడ్లలో రంగులు కలిపినవాళ్ళు కొందరు, చుట్టలూ బీడీలూ కాల్చినవాళ్ళు ఇంకొందరు. మదర్ రోజాలియా కన్యస్త్రీ, పైగా సర్జను. జుట్టు నెరిసేదాకా ఆ వార్డునే కనిపెట్టుకుని ఉన్న మనిషి. సన్నటి గొట్టం లోపలికి పంపి గడ్డను గీకి తీయడంలో ఆవిడ చెయ్యి అంత తిరిగిన చెయ్యి ఈ చుట్టుపక్కల లేదు. ఆ చేతి కింద పని నేర్చుకుందామనే స్తెల్లా వచ్చింది.

వస్తూ వస్తూ హైదరాబాదు నుంచి ఓ కొత్త విద్య కూడా పట్టుకొచ్చింది. గీకి తీసిన ముక్కలో జన్యువుల గుర్తులు చూసి, ఆ గడ్డ మళ్ళీ మొలుస్తుందా, ఊరుకుంటుందా అన్నది ముందే చెప్పే విద్య. మంచి గుర్తులు కనిపిస్తే ఆ మనిషి కేసుషీటు మీద ఆకుపచ్చ చుక్క. చెడ్డవైతే ఎర్ర చుక్క.

రెండేళ్ళు తిరిగేసరికి ఎర్ర చుక్కల వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ గడ్డతో తిరిగొచ్చారు. ఆకుపచ్చ చుక్కల వాళ్ళు తమ పనులు తాము చేసుకుంటూ హాయిగా ఉన్నారు. స్తెల్లా అదంతా వ్యాసంగా రాసింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్ల సభకి పంపాలంటే గురువు సంతకం కావాలి.

"ఇంకొన్నాళ్ళు ఆగు" అంది మదర్.

"ఎందుకాగాలి మదర్? తప్పెక్కడుందో చూపించండి."

"తప్పుందని నేననలేదే."

"మరి?"

"ఆగమన్నాను" అని మదర్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. ఆ తుడవడం చూస్తే స్తెల్లాకి ఇంకా ఒళ్ళు మండింది.

ఆ మాట మూడోసారి విన్న రోజు వార్డులోకి విసురుగా వచ్చింది. హెడ్డు నర్సు లూర్దమ్మ ఆమె మొహం చూసి నవ్వింది.

"మళ్ళీ ఆగమన్నారా డాక్టరమ్మా?"

"ఆవిడకి అసూయండీ. ఇన్నేళ్ళు కళ్ళతో చూసి చెప్పలేనిది నేను ఒక్క ముక్క చూసి చెప్పేశానని."

"అసూయపడే మనిషైతే కత్తి మీ చేతికెందుకిస్తుంది?" అంది లూర్దమ్మ. "సరేగానీ, నాంచారయ్య ఇవాళ మందుకి రాలేదు."

గడ్డ తీశాక వారానికోసారి, ఆరు వారాలపాటు మూత్రసంచిలోకి మందు ఎక్కించుకోవాలి. మధ్యలో మానేస్తే గడ్డకి మళ్ళీ దారి దొరుకుతుంది. నాంచారయ్యది కిళ్ళీకొట్టు. ఆయనది ఆకుపచ్చ చుక్క. స్తెల్లా కేసుషీటు వైపైనా చూడకుండా ఫోను తీసి గబగబా నంబరు నొక్కింది.

"నాంచారయ్యగారూ, ఎక్కడున్నారు? పెళ్ళిలోనా? పెళ్ళి మీది కాదుగా? జీపు పంపిస్తున్నా, ఎక్కి కూర్చోండి. మీరు రాకపోతే నేనే వచ్చి భోజనాల బంతిలోంచి లేపుకొస్తా."

వార్డంతా నవ్వింది.

"మంచి గుర్తులున్న మనిషి. చేజార్చుకోకూడదు" అంది స్తెల్లా, జీపు తాళాలు డ్రైవరుకి ఇమ్మని పురమాయిస్తూ.

వార్డు చివరి మంచం మీద కోటిలింగం పడుకుని ఉన్నాడు. అద్దకం పనివాడు. గోళ్ళ సందుల్లో నీలిరంగు ఏ సబ్బుకీ పోలేదు. నిరుడు గడ్డ తీయించుకున్నాడు. ఎర్ర చుక్క. మొన్న మూత్రంలో నెత్తురు పడితే వచ్చి చేరాడు. నిన్ననే మదర్ మళ్ళీ గీకి తీసింది. ఇంకా కండలోకి దిగలేదు, అదొక్కటే మేలు.

స్తెల్లా మంచం కాళ్ళవైపు నిలబడి, "నొప్పుందా? జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగింది. లేదన్నాడు. ఆమె తిరిగి నడిచింది.

కోటిలింగం కేసు చూసేసరికి ఆమెకి కొండంత బలం వచ్చింది. వ్యాసం చేతబట్టుకుని తిన్నగా మదర్ గదికి వెళ్ళింది.

"కోటిలింగం సంగతి నేను నిరుడే చెప్పాను. అయిందా, లేదా? ఇంకేం రుజువు కావాలి మీకు? పైగా ఎర్ర చుక్కల వాళ్ళు మందు కూడా సరిగా వేయించుకోరు మదర్. సగంలో మానేస్తారు. చూడబోతే ఆ మనుషులే అంత. నా కష్టం మీ కంటికి ఆనకపోతే ఆ మాట చెప్పండి, నా పెట్టె నేను సర్దుకుంటాను."

మదర్ కళ్ళద్దాలు పెట్టుకుంది. "పద, కోటిలింగం దగ్గరికి వెళ్దాం. ఆ కాగితాలు తీసుకురా."

సంతకం అక్కడే పెడుతుంది కాబోలు అనుకుంది స్తెల్లా. కలం కూడా తీసి పట్టుకుంది.

కోటిలింగం మంచం పక్కన ఓ ఇనప స్టూలుంది. మదర్ దాని మీద చెయ్యి వేస్తే అది పక్కకి ఒరిగింది. ఒక కాలు పొట్టిది.

"ఇదిలా ఎన్నాళ్ళనుంచి ఉంది?" అంది మదర్.

స్తెల్లాకి తెలియదు. ఆమె ఎన్నడూ దాని మీద కూర్చోలేదు.

"ఆ కాగితాలిలా ఇవ్వు."

స్తెల్లా కాగితాలతో పాటు కలం కూడా అందించింది. మదర్ కలం తీసుకోలేదు. రెండేళ్ళ ఆ చాకిరీని రెండుగా మడిచింది, మళ్ళీ నాలుగుగా మడిచింది, వంగి పొట్టి కాలి కింద దోపింది. స్టూలు నిలబడింది. దాని మీద కూర్చుని కోటిలింగం చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

స్తెల్లాకి చెవులు వేడెక్కిపోయాయి. పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు. ఒక్క మాట నోట్లోంచి వస్తే ఇక ఆగదని పళ్ళు బిగించి నిలబడింది.

"నిరుడు మందు ఆరు వారాలూ వేయించుకున్నావా కోటిలింగం?"

"లేదు మదరుగారూ. మూడు వారాలొచ్చాను. నాలుగోవారం షెడ్డులో పెద్ద పని పడింది, ఆగిపోయాను."

"తర్వాత రావచ్చుగా?"

అతను స్తెల్లా వైపు ఒకసారి చూసి, దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"ఎవరన్నా ఫోన్ చేస్తారేమోనని చూశానండి. రాకపోతే ఈ డాక్టరమ్మగారు ఊరుకోరు, మనుషుల్ని పంపిస్తారని విన్నాను. నాకు రాలేదు. సరే, ఈ మందు నాకు వేసినా దండగేనని వీళ్ళకి తెలిసిపోయిందేమో, మొహమ్మీద చెప్పలేక ఊరుకున్నారేమో అనుకున్నా." మళ్ళీ స్తెల్లా వైపు తిరిగి, "మీరేం నొచ్చుకోకండి డాక్టరమ్మగారూ. నేనే రావాల్సింది" అన్నాడు.

వార్డులో ఎవరూ నవ్వలేదు. బయట జీపు ఆగిన చప్పుడైంది. పెళ్ళిబట్టల్లో ఉన్న నాంచారయ్య, "భోజనమన్నా చేయనివ్వలేదు మహాతల్లి" అని గొణుక్కుంటూ మందు గదిలోకి వెళ్ళాడు.

మదర్ లేచింది.

"నువ్వు చెప్పింది జరిగింది స్తెల్లా. ఎలా జరిగిందో కూడా రాసి పట్టుకురా. సంతకం పెడతాను."

ఆవిడ వెళ్ళిపోయింది. స్తెల్లా వంగి కాగితాల కోసం చెయ్యి చాచింది. చాచి, తీయకుండా ఊరుకుంది. మెల్లిగా స్టూలు మీద కూర్చుంది. అది కదల్లేదు.

జేబులోంచి ఫోను తీసింది.

"కోటిలింగంగారూ," అంది, "మీ నంబరు చెప్పండి."